తవ్వకముందే మా నూతుల నీళ్లు కొలవండి: భూగర్భ జల శాస్త్రవేత్తలకు బహిరంగ లేఖ

గనుల కోసం పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలు రాసే భూగర్భ జల శాస్త్రవేత్తలకు, ఆ నివేదికలు చూసి సంతకాలు చేసే అధికారులకు,

నమస్కారం.

నాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా చుట్టుపక్కల తీర గ్రామాల రైతులు, మత్స్యకారులు కలిసి కొంతకాలం కిందట ఒక వినతిపత్రం రాశాం. అందులో అడిగింది ఒక్కటే. మా నూతుల్లో, బోర్లలో యురేనియం, రేడియం, సోడియం ఎంతెంత ఉన్నాయో పరీక్ష చేయించండి, వచ్చిన అంకెలు పంచాయతీ గోడ మీద రాయించండి అని. తీసుకెళ్లి ఇచ్చిన కార్యాలయంలో రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఒక అధికారి, "మీ దగ్గర యురేనియం గనే లేదు కదా మాస్టారూ, మీకెందుకండీ ఆ పరీక్ష?" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, మామూలుగానే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ ఉత్తరం.

ఆయనకు కాకుండా మీకు ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీసు మెమోరాండం ఇచ్చింది. అణు ఖనిజాల తవ్వకానికి, కీలక ఖనిజాల తవ్వకానికి ఇకపై ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని దాని సారాంశం. మా ఇసుకలో మోనజైట్ అనే గింజ ఉంది. అందులో థోరియం, కొంత యురేనియం ఉంటాయి కనుక అది అణు ఖనిజం. అంటే షామియానా వేసి, మైకు పెట్టి, కలెక్టరు గారి ఎదుట మా ఊరి ఆడవాళ్లు లేచి నిలబడి "మా నూతి నీళ్లు పాడైతే ఎవరిది పూచీ?" అని అడిగే ఆ ఒక్క పూట కూడా మాకు లేకుండా పోయింది. ఆ సభల్లో మా మాట పెద్దగా చెల్లిందని నేననను. కానీ చెప్పిన మాట మినిట్సులోకైనా ఎక్కేది. ఇప్పుడు ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందు మా గురించి మాట్లాడేది మీ నివేదికలో నీటి వనరుల మీద రాసిన అధ్యాయం ఒక్కటే. అందుకే మీకు రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది కూడా ఒక్కటే. తవ్వకానికి ముందు నీళ్లు ఎలా ఉన్నాయో పద్ధతిగా కొలిచి, ఆ కొలత ఊరి చేతికి ఇవ్వకపోతే, తర్వాత నీళ్లు పాడయ్యాయని నిరూపించే దారి పల్లెటూరి మనిషికి ఉండదు. మనకు దూరమైన చోటు కాదు, మన రాష్ట్రంలోనే ఇది జరిగింది.

1. తుమ్మలపల్లె

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ భూగర్భ గని, దాని పక్కనే మిల్లు ఉన్నాయి. మిల్లు 2012లో మొదలైంది. రోజుకు 3,000 టన్నుల రాయిని శుద్ధి చేసే సామర్థ్యంతో కట్టారు. అక్కడి ఖనిజం చాలా పలుచన. టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాదు. మిగిలినదంతా మెత్తటి బురదగా, రసాయనాల నీళ్లతో కలిసి, గొట్టాల్లో టెయిలింగ్ పాండ్‌కు, అంటే మిల్లు వ్యర్థాలు నిలవుంచే చెరువుకు పోతుంది. రోజుకు దాదాపు 3,000 టన్నులు లోపలికి పోతే దాదాపు 3,000 టన్నులూ చెరువుకే చేరతాయన్నమాట. ఏడాదికి సుమారు పది లక్షల టన్నులు.

ఆ చెరువు చుట్టుపక్కల ఊళ్లు మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల, భూమయ్యగారిపల్లె. అరటి తోటలు పెట్టుకొని బతికే ఊళ్లు. మిల్లు వచ్చిన కొన్నేళ్లకు బోరు నీళ్లు ఉప్పెక్కాయని, మట్టి తెల్లగా పొక్కుతోందని, అరటి గెల వేయకముందే ఎండిపోతోందని, ఆ నీళ్లతో స్నానం చేస్తే ఒళ్లు దురద పెడుతోందని అక్కడి రైతులు చెప్పుకున్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది. నీళ్లు ఇంకకుండా చెరువు అడుగున వేయాల్సిన పొరల విషయంలో అనుమతి షరతులు పాటించలేదన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం. తమ చెరువు వల్ల ఏ హానీ లేదన్నది సంస్థ వాదన. కమిటీలు వెళ్లాయి, నమూనాలు తీశాయి, వాదన తెగలేదు.

ఎందుకు తెగలేదో మీకు నాకంటే బాగా తెలుసు. యురేనియం ఉన్న నేలలో, తవ్వినా తవ్వకపోయినా, నీళ్లలో కొంత యురేనియం ఉంటుంది. కాబట్టి బోరులో యురేనియం కనిపించింది అని రైతు చూపించగానే "అది మీ రాళ్లలోనే ఉంది" అనే జవాబు వస్తుంది. దాన్ని తోసిపుచ్చాలంటే గని రాకముందు అదే బోరులో, అదే లోతులో, అదే కాలంలో ఎంత ఉండేదో కాగితం మీద ఉండాలి. అరటి తోట రైతు దగ్గర ఆ కాగితం ఉండదు. ఆయన దగ్గర ఉన్నది "మా నాన్న హయాంలో ఈ నీళ్లు తాగేవాళ్లం" అన్న మాట. ఆ మాటకు కోర్టులోనూ కమిటీలోనూ విలువ కట్టరు. తోట ఎండినవాడే కారణాన్ని రుజువు చేయాల్సి రావడం, అదీ తన చేతిలో ఎప్పుడూ లేని అంకెలతో రుజువు చేయాల్సి రావడం, నా దృష్టిలో ఆ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద అన్యాయం.

2. మిల్లు నీళ్లలోకి ఏమేం వదులుతుంది

రాయి లోపల, గాలి తగలని లోతులో, యురేనియం చాలావరకు కరగకుండా ఉంటుంది. గాలి తగిలి ఆక్సీకరణం చెందిందంటే కరిగే రూపంలోకి మారుతుంది. నీళ్లలో బైకార్బొనేట్ ఉంటే దానితో జట్టుకట్టి ఇంకా తేలిగ్గా ప్రయాణిస్తుంది. మిల్లులో చేసేది ఈ పనినే, కావాలని, వేగంగా. తుమ్మలపల్లెలో ఖనిజం సున్నపురాయి జాతి రాళ్లలో ఉంది కనుక ఆమ్లం వాడలేరు. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి, ఆక్సిజన్ ఇచ్చి, వేడి మీద, ఒత్తిడి మీద కరిగిస్తారు. జార్ఖండ్‌లోని జాదుగూడ మిల్లులో అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. ఏది వాడినా యురేనియం డ్రమ్ముల్లోకి వెళ్తుంది, వాడిన రసాయనాల లవణాలు బురదతో పాటు చెరువులోకి వెళ్తాయి. తుమ్మలపల్లె పద్ధతిలో అవి ముఖ్యంగా సోడియం లవణాలు. సోడియం ఎక్కువైన నీళ్లు పారిస్తే బంకమట్టి బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు, వేళ్లకు గాలి ఆడదు. రైతు దీన్ని చౌడు పట్టడం అంటాడు.

ఇక రెండోది. మిల్లు తీసేసేది యురేనియాన్ని మాత్రమే. యురేనియం తనంతట తాను విచ్ఛిన్నమవుతూ పుట్టించిన థోరియం-230, రేడియం-226 లాంటి రేడియోధార్మిక పదార్థాలు బురదలోనే ఉండిపోతాయి. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం చెరువులోనే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. మా శ్రీకూర్మం గుడి స్తంభాల మీద ఉన్న శాసనాల్లో దేనికీ అంత వయసు లేదు. థోరియం-230కి అయితే 75,000 ఏళ్లు. ఆ చెరువు అడుగున వేసే ప్లాస్టిక్ పొర ఎన్నాళ్లుంటుందో మీ నివేదికల్లో ఎక్కడైనా రాశారా? రాసి ఉంటే దయచేసి మాకు చూపించండి.

3. గని సొంతంగా చేసే నష్టం

దీని మీద ఎక్కువ రాయను. భూగర్భ గనిలో పని జరగాలంటే ఊరిన నీళ్లు తోడిపోస్తూ ఉండాలి. తోడే కొద్దీ చుట్టూ జలమట్టం గరాటా ఆకారంలో కుంగుతుంది, ముందు నూతులు ఎండుతాయి, తర్వాత తక్కువ లోతు బోర్లు. కొత్త బోరు వేయించుకోగలవాడు వేయించుకుంటాడు. లేనివాడు పొలం కౌలుకిచ్చి వలసపోతాడు. మా జిల్లా నుంచి వలసలు ఎలా ఉంటాయో చెన్నై, హైదరాబాదు, విశాఖ రైళ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గని మూసేశాక నీళ్లు మళ్లీ పైకొచ్చినా, అవి అన్నాళ్లూ గాలి తగిలిన రాళ్లను కడుక్కుంటూ వస్తాయి. నీళ్లు తిరిగొచ్చాయని సంతోషించేవాళ్లకు ఏ నీళ్లు తిరిగొచ్చాయో కూడా చెప్పాలి కదా.

4. మరి మా తీరం సంగతి

ఇప్పుడు ఆ అధికారి అడిగిన ప్రశ్నకు వస్తాను. నిజమే, శ్రీకాకుళం జిల్లాలో యురేనియం గని లేదు. మా దగ్గర ఉన్నది ఇసుక. అందులో ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్, రూటైల్, వాటితో పాటు మోనజైట్. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అణు ఇంధన శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల్లో మన వాటా 37.8 లక్షల టన్నులు. మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ తొమ్మిది, పది శాతం దాకా ఉంటుంది, యురేనియం ఆక్సైడ్ సుమారు 0.3 శాతం. తుమ్మలపల్లె రాయిలో ఉన్నదానికి ఇది ఎన్నో రెట్లు. 2019 నుంచి ఈ ఇసుక తవ్వకం ప్రైవేటు సంస్థలకు ఇవ్వడం లేదు, ప్రభుత్వ సంస్థలకే. మా తీరంలో తవ్వకాలు కొత్త కాదు కనుక మళ్లీ ఆ మాట వినపడగానే ఊళ్లో నిద్రపట్టదు.

ఉన్నదాన్ని పెంచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మోనజైట్ గింజ గట్టి గింజ. ఒడ్డున పడి ఉంటే అందులోని యురేనియం, థోరియం నీళ్లలోకి అంత తేలిగ్గా కరగవు. వేల ఏళ్లుగా అలలు కడుగుతున్న ఇసుక అది. కాబట్టి రేపు తవ్వగానే నూతుల్లోకి యురేనియం వచ్చేస్తుందని నేను ఎవరినీ భయపెట్టడం లేదు. మా భయం రెండు చోట్ల ఉంది.

మొదటిది ఉప్పు. మా ఊళ్లకు తాగే నీళ్లు ఇచ్చేవి ఇసుక దిబ్బలు. వాన నీళ్లు దిబ్బల్లో ఇంకి, కింద ఉన్న సముద్రపు నీళ్ల మీద నూనెలా తేలుతూ ఉంటాయి. మత్స్యకారుల పిల్లలు అలలకు కూతవేటు దూరంలో చేత్తో చెలమ తీస్తే తియ్యటి నీళ్లు రావడానికి కారణం ఇదే. మీ శాస్త్రంలో దీనికి ఒక లెక్క ఉంది. సముద్ర మట్టం కంటే మంచినీళ్లు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉప్పునీళ్లను అణచి ఉంచుతాయి. దీన్ని తిరగేసి చూడండి. దిబ్బను తవ్వి, మొగలి పొదలు, సరుగుడు తోటలు కొట్టి, ఖనిజాలు వేరుచేయడానికి అక్కడి నీళ్లే తోడితే, పైన ఒక మీటరు తగ్గినచోట కింద 40 మీటర్ల మంచినీళ్లు పోతాయి. ఖనిజం తీసేశాక ఇసుకను మళ్లీ గోతిలో పోస్తామంటారు. ఇసుక పోస్తారు సరే, ఉప్పు ఎక్కిన నేలలోకి మంచినీళ్లు మళ్లీ నిండటానికి ఎన్ని వానాకాలాలు పడతాయో నివేదికలో రాయాలి.

రెండోది, మోనజైట్‌ను వేరుచేసి ఒకచోట పోగుపెట్టడం, దాన్ని రసాయనాలతో విడగొట్టడం. గింజలో భద్రంగా ఉన్నదాన్ని నీళ్లలో కరిగే రూపంలోకి తెచ్చేది ఆ దశే. మా పక్కనే ఒడిశాలోని గంజాం జిల్లాలో ఛత్రపురం దగ్గర అలాంటి ప్లాంటు ఇప్పటికే ఉంది. రేపు అలాంటిది శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెడతామంటే, అప్పుడు తుమ్మలపల్లె ప్రశ్నలన్నీ మా ప్రశ్నలవుతాయి. రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఎలాగూ ఉంది. అణు ఇంధనం ఒక చివర కొవ్వాడలో, ఇంకో చివర మా ఇసుకలో అని లెక్కలు వేసేవాళ్లు ఉంటారు. ఆ లెక్కల్లో నూతులు కూడా ఉండాలని మేం అడుగుతున్నాం.

5. ఉద్దానం

ఇది రాయకుండా శ్రీకాకుళం నుంచి నీళ్ల మీద ఉత్తరం రాయలేను. మా వియ్యాలవారిది ఉద్దానంలోని కవిటి మండలం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. ఎన్నో సంస్థలు వచ్చి పరిశోధించాయి. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. యురేనియమే కారణమని నేను అనడం లేదు, అలా అనడం తప్పు కూడా. నేను చెప్పేది వేరే.

తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టింది 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పరిమితి పెట్టడానికి ముఖ్య కారణం రేడియేషన్ కంటే, యురేనియం రసాయనికంగా కిడ్నీని దెబ్బతీయడం. తాగిన యురేనియంలో రక్తంలోకి చేరిన కొద్ది భాగాన్ని వడకట్టి బయటికి పంపాల్సింది కిడ్నీయే, దెబ్బ పడేదీ దానిలోని సన్నటి నాళాల మీదే. నీళ్ల పరిమితులు కట్టేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలుగా తీసుకునే లెక్క 60 కిలోల మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడని. మే నెలలో జీడి తోటలో గింజలేరే మనిషి రెండు లీటర్లతో పొద్దు గడుపుతుందా? పైగా ఆ మనిషి కిడ్నీ సగం పాడై ఉంటే? ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి కట్టిన పరిమితిని ఉద్దానంలో, దాని అంచు మండలాల్లో యథాతథంగా పెట్టి "పరిమితిలోనే ఉంది" అని నివేదిక రాస్తే అది శాస్త్రం అనిపించుకోదు.

వంశధార నీళ్లను హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. దాదాపు 700 కోట్లు ఖర్చయింది. ఆ నీళ్లు అందిన ఇళ్లవాళ్లు ఎంత ఊరట పడ్డారో నేను చూశాను. ఒకసారి నేల నీటి మీద నమ్మకం పోయాక దాన్ని భర్తీ చేయడానికి అంత డబ్బు, అన్నేళ్లు పట్టాయి. ఆలోగా డయాలసిస్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల సంగతి ఆ 700 కోట్లలో రాదు. పైపు నీళ్లు వచ్చాయి కదా అని నూతులను వదిలేయమనడం కూడా కుదరదు. పశువులు తాగేవి, కొబ్బరి మొక్కకు పోసేవి, తుపానుకు కరెంటు పోయి మోటార్లు ఆగిన రోజున మనుషులు తాగేవి ఇంకా నూతి నీళ్లే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఏ ఊరు ఏ నీళ్లు తాగి బతికిందో ఉద్దానంలో ఎవరినైనా అడగండి.

మరిగిస్తే చాలుకదా అనుకునేవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. మరిగిస్తే యురేనియం పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. రంగు, రుచి, వాసన ఏదీ ఉండదు కనుక పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఆర్వో ప్లాంటు పెడితే యురేనియం తగ్గుతుంది, కానీ అది వదిలే వ్యర్థపు నీళ్లు అన్నీ పోగేసుకొని ఊరి గెడ్డలోకే పోతాయి.

6. పని అయ్యాక

అమెరికాలో న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ దగ్గర 1979 జూలై 16న యురేనియం మిల్లు చెరువు గట్టు తెగింది. సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్లు, వెయ్యి టన్నులకు పైగా బురద ప్యూర్కో నదిలో కలిశాయి. అక్కడ ఆ నది పక్క బతికేది నవాహో తెగ గొర్రెల కాపర్లు. యూటాలోని మోయాబ్‌లో కొలరాడో నది ఒడ్డునే 1.6 కోట్ల టన్నుల వ్యర్థాల గుట్ట వదిలి, 1998లో కంపెనీ దివాలా తీసింది. గుట్ట ప్రభుత్వం నెత్తిన పడింది. దాన్ని నదికి దూరంగా తరలించడం 2009లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి మోశారు. అంత డబ్బున్న దేశంలో అది. మనకు దగ్గర్లో, విజయనగరం జిల్లా గర్భాం వైపు వెళ్లి చూడండి, వందేళ్లకు పైగా మాంగనీసు తవ్విన నేలలో గోతులు ఎవరి పేరున మిగిలాయో.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకొని మేం కోరేవి:

1. శ్రీకాకుళం, విజయనగరం తీర మండలాల్లో ఏ అణు ఖనిజం తవ్వకానికైనా నివేదిక రాసేముందు కనీసం రెండు పూర్తి సంవత్సరాలు నీళ్లు కొలవండి. ఒక్క సీజనులో మూడు నెలలు తీసిన నమూనాలతో మా నేల అర్థం కాదు. మే నెల ఆఖరులో నూతి అడుగంటినప్పుడు ఒక అంకె వస్తుంది, అక్టోబరు తుపాను తర్వాత దిబ్బలు నిండినప్పుడు ఇంకో అంకె వస్తుంది. రెండూ కావాలి. నూతులు, బోర్లు, చెలమలు, గెడ్డలు, వంశధార, నాగావళి, చంపావతి ముఖద్వారాలు అన్నీ అందులో ఉండాలి.

2. యురేనియం ఒక్కటే కొలిచి ఊరుకోవద్దు. రేడియం, థోరియం, సోడియం, సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బొనేట్, మొత్తం కరిగిన లవణాలు కూడా కొలవండి. చెరువు కారితే యురేనియం కంటే ముందు పరుగెత్తేవి సోడియం, సల్ఫేట్, క్లోరైడ్ అని మీరే పాఠాలు చెబుతారు. యురేనియంలోని రెండు రకాల పరమాణువులు, యురేనియం-234, యురేనియం-238ల నిష్పత్తి కూడా ఇప్పుడే నమోదు చేయండి. సహజంగా రాయిలోంచి ఊరినదా, మిల్లు నుంచి వచ్చినదా అని రేపు వాదన వచ్చినప్పుడు తేల్చడానికి అది పనికొస్తుంది.

3. ప్రతి నమూనాను రెండు సీసాల్లో తీయండి. ఒకటి మీ ల్యాబుకు. రెండోది పంచాయతీ, మీరు, ఊరు ఎంచుకున్న మనిషి ముగ్గురూ సీలు వేసి, వేరే విశ్వవిద్యాలయం ల్యాబుకు. ఫలితాలు తెలుగులో, తేదీతో, నూతి గుర్తుతో సహా పంచాయతీ గోడ మీదా, బడిలోనూ పెట్టండి. ఈ కోరిక మీద మాకు రాజీ లేదు.

4. ముందు కొలతలు లేని చోట నీళ్లు పాడైతే, తవ్విన సంస్థ వల్లే పాడయ్యాయని భావించి, కాదని రుజువు చేసే బాధ్యత సంస్థ మీదే పెట్టాలని మీ నివేదికలో షరతుగా సిఫారసు చేయండి. చట్టం చేసేది మీరు కాదని తెలుసు. కానీ షరతులు మీ సిఫారసుల నుంచే పుడతాయి.

5. కిడ్నీ జబ్బు ఉన్న మండలాల్లో, వాటి సరిహద్దుల్లో పరిమితి ఎంత ఉండాలో కిడ్నీ వైద్య నిపుణులను కూర్చోబెట్టి విడిగా తేల్చండి.

6. మూసివేత ఖర్చు, ఆ తర్వాత దశాబ్దాల పాటు నీళ్లు కొలిచే ఖర్చు ముందే డిపాజిట్ చేయించాలి. తవ్వకం ఆపేసిన రోజున కొలతలు ఆగకూడదు.

7. ప్రజాభిప్రాయ సేకరణను చట్టం అడగకపోయినా మీరు ఊళ్లోకి వచ్చి కూర్చోవడాన్ని ఏ మెమోరాండమూ ఆపదు. రండి. చెట్టు కింద కుర్చీలు మేం వేస్తాం.

తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్ల నీళ్ల అంకెలు, ఇన్నేళ్లుగా వేర్వేరు కమిటీలు తీసినవన్నీ, ఒకచోట పెట్టి ప్రజలకు తెలుగులో ఇవ్వాలని కూడా అడుగుతున్నాం. అది మా జిల్లా కాదు. కానీ ఆ అంకెలే రేపు మాకు పాఠం. అక్కడి అరటి రైతుల పోరాటానికి అవి ఈరోజే అవసరం.

నివేదికలు రాసేవాళ్లకు డబ్బు ఇచ్చేది తవ్వే సంస్థే అని మాకు తెలుసు. మీలో చాలామంది చిన్న ఉద్యోగులని, నచ్చని పేరా తీసేయమని పైవాళ్లు అంటే ఎదురుచెప్పడం కష్టమని కూడా తెలుసు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకరిద్దరు ఈ రంగంలోనే ఉన్నారు, వాళ్లు చెప్పింది విన్నాను. అందుకే మీరు ధైర్యం చేసి తవ్వకాన్ని ఆపండి అని ఈ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. ఉన్నది ఉన్నట్టు, తవ్వకముందు కొలిచి, మా చేతికి ఇవ్వండి అని అడిగాను. ఇది మీ వృత్తిలో మొదటి పాఠమే. దీన్ని కాదనడానికి కారణం ఏదైనా ఉంటే మాకు రాతపూర్వకంగా చెప్పండి.

గార మండలం తీర గ్రామాల్లో తాగడానికి వాడుతున్న నూతులు, చెలమలు, బోర్ల జాబితా మేం సొంతంగా తయారు చేసుకుంటున్నాం. ఏ నూతి ఎంత లోతు, ఏ నెలలో అడుగంటుతుంది, నీళ్లు ఎప్పుడు ఉప్పగా ఉంటాయి అన్నవి అందులో రాస్తున్నాం. ఎవరు అడిగినా ఇస్తాం. జవాబు పంచాయతీ పేరున, తెలుగులో, తేదీ వేసి పంపండి. వచ్చే వేసవి లోపల మొదటి నమూనాలు తీయడం మొదలుకావాలని మా విన్నపం, మా డిమాండు కూడా.

ఇట్లు,
గార మండలం తీర గ్రామాల రైతులు, మత్స్యకారుల తరఫున
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా